లంకమల చెంత, కలివిపొదల నీడన

కడప నుంచి బద్వేలుకు పోయే ప్రయాణికుడు సాధారణంగా దారి పక్కకు పరికించి చూడడు. చూసినా అతని చూపు లంకమల కొండచరియల మీద ఒక క్షణం నిలిచి మరలిపోతుంది. కొండలకూ చేలకూ నడుమ పరచుకొని ఉన్న నేలలో అతణ్ణి ఆకర్షించేది ఏదీ ఉండదు. గులకరాళ్ళు తేలిన ఎర్రమట్టి, అక్కడక్కడ నిలువెత్తు ముళ్ళపొదలు, పొదల మధ్య పశువుల కాలిబాటలు. చల్లని నీడ లేదు, పారే నీరు లేదు, పైరు లేదు. ఆ నేల ఎటువంటిదని దారిన పోయేవారిని అడిగితే ఒక్క మాటలో తేల్చివేస్తారు: బంజరు.

కాని సూర్యుడు కొండల వెనుకకు జారి, పశువులు ఊరు చేరి, పొదల రూపురేఖలు చీకటిలో కలిసిపోయిన తరువాత ఆ బంజరు మేల్కొంటుంది. పొద్దుగూకిన ముప్పావుగంటకు, కొన్ని నిమిషాలపాటు మాత్రమే, రెండేసి స్వరాలుగా ఒక పిలుపు వినవచ్చే తావు అది. ఆ పిలుపు కోసం శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి ఈ కొండల పాదాల వద్ద చెవియొగ్గి నిలుచున్నారు. అది కలివికోడి పిలుపు. గత నూరేళ్ళలో ఈ పక్షిని సజీవంగా చూచినట్లు నిశ్చయమైన ఆధారాలన్నీ కడప జిల్లాలోని ఈ కొద్దిపాటి ప్రాంతం నుంచే వచ్చాయి.

కలివికోడి పేరుకు కోడి అయినా కోడిజాతికి చెందినది కాదు. తీతువు పిట్ట కంటె కొంచెం చిన్నదిగా, సుమారు 27 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. వీపు ఇసుకరంగు. గొంతు మీద కావిరంగు మచ్చ. కంటిపైన తెల్లని గీత. రొమ్మున తెల్లని వన్నెను మధ్యన ఉంచి రెండు గోధుమరంగు పట్టెలు హారాల వలె కనబడతాయి. కళ్ళు పెద్దవి, రాత్రి సంచారానికి అనువైనవి. పాదానికి మూడే వేళ్ళు, వెనుకవేలు లేదు. ఎగరడం కంటె పరుగు దానికి ఇష్టం. పగలంతా పొదల నీడలో కదలక మెదలక ఉండి, రాత్రివేళ బయలునేల మీద పురుగులను ఏరుకొని తింటుంది. పుల్లని నల్లని పండ్లు కాసే కలివిపొదల మాటున మసలుతుంది కనుక పల్లెవాసులు దానికి ఆ పేరు పెట్టారు. శాస్త్రజ్ఞులు ఎంతో శ్రమించి తెలుసుకొన్న విషయం, అనగా ఈ పక్షి బ్రతుకు పొదతో ముడిపడి ఉన్నదన్న సత్యం, ఆ పల్లెటూరి పేరులోనే ఇమిడి ఉన్నది.

86 ఏళ్ళ అజ్ఞాతవాసం

ఈ పక్షిని శాస్త్రలోకానికి తెలియజేసినవాడు థామస్ జెర్డన్. మద్రాసు సైన్యంలో వైద్యుడుగా పనిచేస్తూ, నెల్లూరులో కొంతకాలం ఉద్యోగం చేసిన ఆయన దక్షిణదేశపు పక్షులను శ్రద్ధతో పరిశీలించాడు. 1848లో ఈ పక్షికి శాస్త్రీయనామం ఏర్పడింది. ఆంగ్లంలో నేటికీ అది జెర్డన్ పేరుతోనే ప్రసిద్ధం. ఆ తరువాతి దశాబ్దాలలో భద్రాచలం, సిరొంచ ప్రాంతాల గోదావరి లోయలో బ్లాన్‌ఫర్డ్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు దీనిని చూచాడు. 1900లో అనంతపురం సమీపాన హోవర్డ్ కాంబెల్ చూచినట్లు నమోదయింది. అంతే. ఆ పిమ్మట కలివికోడి కనుమరుగయింది.

ఒక తరం గడిచింది, రెండు తరాలు గడిచాయి. పక్షిశాస్త్ర గ్రంథాలలో దాని బొమ్మ పక్కన అంతరించి ఉండవచ్చునన్న అనుమానం చోటు చేసుకొన్నది. ప్రసిద్ధ పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ 1970లలో దాని కోసం వెదకించినా ఫలితం దక్కలేదు. వెదకినవారు పగటిపూట వెదకడం ఈ వైఫల్యానికి ఒక కారణమని తరువాత తేలింది. రాత్రించరమైన పక్షిని పట్టపగలు వెదకితే దొరికేదెట్లు?

1985లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం మరొక ప్రయత్నానికి పూనుకొన్నది. ఆ సంఘానికి చెందిన యువ శాస్త్రజ్ఞుడు భరత్ భూషణ్ గ్రంథాలను పక్కనపెట్టి పల్లెలను ఆశ్రయించాడు. పక్షి బొమ్మను చేతబట్టుకొని పశువులకాపరులను, వేటగాళ్ళను, వలలు పన్నేవారిని విచారించాడు. లంకమల పాదాన ఉన్న రెడ్డిపల్లి వద్ద, పక్షులను పట్టడంలో నేర్పరులైన స్థానికులకు ఆ బొమ్మ కొత్తగా తోచలేదు. అది వారెరిగిన కలివికోడి. 1986 జనవరిలో ఒక రాత్రి, దీపపు వెలుగుకు కళ్ళు చెదిరి నిలిచిపోయిన ఒక పక్షిని వారిలో ఒకరు సజీవంగా పట్టి తెచ్చారు. 86 ఏళ్ళ అజ్ఞాతవాసం ఆ రాత్రితో ముగిసింది.

ఆ పక్షి కొద్ది రోజులే బ్రతికింది. దాని కళేబరం బొంబాయి సంఘపు సేకరణలో భద్రపరచబడింది. అప్పటికి 89 ఏళ్ళ వయస్సులో ఉన్న సలీం అలీ ఈ శుభవార్త విన్నారు; మరుసటి సంవత్సరం ఆయన కన్నుమూశారు. 1988లో భారత తపాలాశాఖ కలివికోడి బొమ్మతో బిళ్ళను విడుదల చేసింది. ఆనాటి వరకు జిల్లాలోనే చాలామంది పేరు వినని పక్షి దేశమంతటా ఉత్తరాల మీద ప్రయాణించింది.

కాలువ దారిలో పక్షి

రెడ్డిపల్లి పరిసరాలలో కలివికోడి బయటపడిన సమయం విచిత్రమైనది. సరిగ్గా ఆ రోజులలోనే ఆ ప్రాంతానికి ఒక పెద్ద కాలువ రానున్నది. 1976లో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్రలు తలా 5 టీఎంసీల చొప్పున, మొత్తం 15 టీఎంసీల కృష్ణాజలాలను మద్రాసు నగరపు దాహం తీర్చడానికి ఇవ్వడానికి అంగీకరించాయి. ఆ ఒప్పందం నుంచి పుట్టినదే తెలుగుగంగ. శ్రీశైలం నుంచి బయలుదేరిన నీరు వెలుగోడు, బ్రహ్మంసాగరం, సోమశిల, కండలేరు జలాశయాల మీదుగా తమిళనాడు చేరాలి. దారిలో రాయలసీమ, నెల్లూరు ప్రాంతాల మెట్టభూములకు సాగునీరు కూడా అందాలి.

ఈ కథలో కాలువను దుష్టపాత్రగా చిత్రించడం సులభం, కాని న్యాయం కాదు. రాయలసీమ చరిత్ర అంటే కరువుల చరిత్ర. 1876-78 నాటి ధాత కరువును ఆ నేల తరతరాలుగా చెప్పుకొన్నది. వాన ముఖం చాటువేసిన ఏడాది పశువులను తెగనమ్ముకొని వలసపోయిన కుటుంబాలకు కాలువనీరు అంటే విలాసం కాదు, ప్రాణం. పిట్ట కోసం నీటిని ఆపుతారా అని ఆ రైతు అడిగితే, ఆ ప్రశ్నను తేలికగా కొట్టివేయడం ఎవరికీ తగదు.

అయితే అసలు సమస్య నీళ్ళా పిట్టా అన్నది కాదు. కాలువ ఏ దారిన పోవాలన్నది. నీరు దారి మార్చుకొని కూడా గమ్యం చేరగలదు. కలివికోడి తన తావును మార్చుకోలేదు. 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. సుమారు 464 చదరపు కిలోమీటర్ల ఈ అరణ్యంలో ఎర్రచందనం పెరిగే కొండలు, లోతైన కోనలు, యాత్రికులు నడిచివెళ్ళే శైవక్షేత్రాలు ఉన్నాయి. కాని అభయారణ్యపు ఎల్లలు ప్రధానంగా కొండలను చుట్టివచ్చాయి. కలివికోడికి కావలసినది కొండ కాదు, కొండ దిగిన తరువాత వచ్చే పలచని చిట్టడవి. ఆ చిట్టడవిలో కొంత మాత్రమే ఎల్లలోపల పడింది. మిగిలినది రక్షణలేని నేలగా వెలుపలనే ఉండిపోయింది.

2005 చివరలో కాలువ తవ్వకం పక్షి తావులలోకి చొచ్చుకొని వచ్చింది. అక్కడ పరిశోధన సాగిస్తున్న శాస్త్రజ్ఞుల కళ్ళెదుటనే యంత్రాలు పొదలను పెకలించివేశాయి. విషయం అటవీశాఖ దృష్టికి, పిదప సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార సంఘం దృష్టికి వెళ్ళింది. చర్చోపచర్చల అనంతరం కాలువ దారిని మార్చడానికి, పక్షి తావులకు అదనపు భూమిని చేర్చడానికి నిర్ణయం జరిగింది. ఒక నీటిపారుదల కాలువ చిన్న పక్షికి దారి ఇచ్చి తప్పుకొన్న ఉదంతాలు మన దేశచరిత్రలో ఎన్నో లేవు. కాలువ ఆగిపోలేదు, మద్రాసుకు నీరు ఆగలేదు. మారినది గీత మాత్రమే.

ఇసుక మీది మూడు వేళ్ళు

కనబడని పక్షిని కాపాడడమెట్లు? అది ఎక్కడ ఉన్నదో, ఎటువంటి నేలను కోరుకొంటున్నదో తెలియనిదే ఏ రక్షణా సాధ్యం కాదు. 2000 ప్రాంతంలో పి. జగన్నాథన్ మొదలైన పరిశోధకులు ఈ పనికి పూనుకొన్నారు. వారి పద్ధతి పాతకాలపు జాడగాళ్ళ విద్యను గుర్తుకుతెస్తుంది. పొదల నడుమ సన్నని మట్టిని జల్లి, పట్టీలుగా పరచి, ప్రతి ఉదయం వాటి మీది అడుగుజాడలను చదివేవారు. నక్క, కుందేలు, కౌజు, ఉడుము నడిచిన గుర్తుల మధ్య అప్పుడప్పుడు మూడు వేళ్ళ ముద్ర కనబడేది. అటువంటి తావులలో తమంతట తామే ఫొటోలు తీసే కెమెరాలను అమర్చి నిర్ధారించుకొనేవారు. 2001లో మొదటిసారిగా కలివికోడి పిలుపును ధ్వనిముద్రణ చేయగలిగారు. ఆ ముద్రణను చీకటిపడే వేళ వినిపించి, బదులు వచ్చే చోట్లను గుర్తించే మార్గం అప్పటినుంచి తెరచుకొన్నది.

ఆ జాడలన్నిటినీ కొలిచి చూచినప్పుడు పక్షి అభిరుచి స్పష్టమయింది. హెక్టారుకు 300 నుంచి 700 వరకు, రెండు మీటర్లకు మించిన పెద్ద పొదలు ఉండాలి. చిన్నపొదలు 1000కి లోపుగా ఉండాలి. అనగా పగలు దాగడానికి చాలినంత మాటు, రాత్రి పరుగెత్తడానికి చాలినంత బయలు రెండూ కలిసి ఉన్న నేల కావాలి. పొదలు మరీ చిక్కబడితే అక్కడ కలివికోడి ఉండదు. మరీ పలచబడితే అసలే ఉండదు.

ఇక్కడే ఒక సూక్ష్మమైన విషయం దాగి ఉన్నది. ఈ సమతూకాన్ని ప్రకృతి ఒక్కతే నిలిపి ఉంచడం లేదు. చుట్టుపట్ల ఊళ్ళ ఆవులు, గేదెలు, మేకలు అక్కడ మేస్తాయి. పేదలు వంటచెరకు ఏరుకొంటారు. మితంగా సాగినంతవరకు ఈ మేతే పొదల మధ్య నేలను తెరపిగా ఉంచుతున్నది. మితిమీరినప్పుడు అదే మేత పొదలను నిలవనీయదు. కనుక కంచె వేసి మనుషులను, మందలను వెళ్ళగొట్టి చేతులు దులుపుకొంటే పక్షి దక్కదు. ఏ అదుపూ లేక వదలివేసినా దక్కదు. కాపరి ఎక్కడ ఎంతకాలం మేపాలి, కట్టె కొట్టేవాడు ఏ పొదను విడిచిపెట్టాలి అన్న లెక్కలను ఊరివారితో కూర్చొని తేల్చుకోవలసిందే. 1986లో పక్షిని చూపినది ఊరివారే. దానిని నిలపగలవారు కూడా వారే.

ఇంత శ్రమించినా కలివికోడి తన రహస్యాలను పూర్తిగా విప్పలేదు. దాని గూటి జాడ ఈనాటి పరిశోధకులకు దొరకలేదు. గుడ్డు విషయం మరీ విచిత్రం. 1917లో కోలారు బంగారుగనుల ప్రాంతంలో పనిచేసిన ఒక పశువైద్యుడు సేకరించిన గుడ్డు సముద్రాలు దాటి స్కాట్లండ్ చేరింది. అబర్డీన్ విశ్వవిద్యాలయపు వస్తుప్రదర్శనశాలలో దానిని గుర్తించిన శాస్త్రజ్ఞులు, పాత కళేబరాల డీఎన్ఏతో పోల్చి 2013లో అది కలివికోడి గుడ్డేనని తేల్చారు. మన పొదల నీడలో ఎవరి కంటా పడని గుడ్డు వేలమైళ్ళ దూరాన ఒక గాజుబీరువాలో వెలుగు చూచింది.

పేరు చేసిన కీడు

లంకమల చుట్టుపక్కల చిట్టడవి ఎంత వేగంగా కరిగిపోతున్నదో ఉపగ్రహచిత్రాలు తెలిపాయి. 1991, 2000 సంవత్సరాల నాటి చిత్రాలను పోల్చి చూడగా ఆ పదేళ్ళలోనే చిట్టడవి పదోవంతుకు పైగా తగ్గినట్లు తేలింది. పోయిన నేలలో చాలావరకు పొలాలుగా మారింది. పూర్వం ఎకరం పొదలు కొట్టి చదును చేయడానికి ఒక కుటుంబం ఎండాకాలమంతా చెమటోడ్చవలసి వచ్చేది. నేడు ఒక యంత్రం దానిని పూటలో ముగిస్తుంది. నిమ్మతోట వేసుకొన్న రైతును తప్పుపట్టవలసిన పని లేదు. అతని దృష్టిలో అతడు అడవిని నరకలేదు, బంజరును బాగుచేశాడు.

ఆ దృష్టి రైతు ఒక్కడిదే కాదు. దేశపు లెక్కల పుస్తకాలదీ అదే దృష్టి. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం ఉపగ్రహాల సాయంతో రూపొందించే బంజరుభూముల పటాలలో దట్టమైన చిట్టడవి నేల, పలచని చిట్టడవి నేల రెండూ బంజరుల తరగతులుగానే చేరాయి. ఒకసారి ఆ తరగతిలో చేరిన నేలకు దిక్కెవరు? పరిశ్రమకు స్థలం కావలసినా, సౌరఫలకాలు పరచవలసినా, అధికారుల చూపు మొదట అటే పోతుంది. చివరకు పచ్చదనం పెంచాలన్న మంచి సంకల్పంతో అక్కడ వరుసలు తీర్చి మొక్కలు నాటినా బయలునేల మూసుకొనిపోయి కలివికోడికి నిలువ నీడ లేకుండా పోతుంది. పులికి అడవి కావాలని, ఏనుగుకు కోన కావాలని పిల్లలకు సైతం తెలుసు. ముళ్ళపొదకు, గులకనేలకు కూడా హక్కుదారులు ఉన్నారన్న సంగతి మాత్రం ఇంకా అలవాటు కాలేదు.

ఆలస్యమైతే ఏమవుతుందో తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు. నేటి నంద్యాల జిల్లాలో, నందికొట్కూరుకు సమీపాన రోళ్ళపాడు గడ్డిమైదానం ఉన్నది. బట్టమేకపిట్ట కోసం లంకమలతో పాటు అదే 1988లో అక్కడ అభయారణ్యం వెలసింది. 1980లలో పదుల సంఖ్యలో తిరిగిన ఆ మహాపక్షిని చూడడానికి దేశం నలుమూలల నుంచి జనం వచ్చేవారు. తరువాత చుట్టూ నీరు వచ్చింది, పంటలు మారాయి, పక్షి సంచరించే మెట్టచేలు తగ్గిపోయాయి. కంచె లోపలి గడ్డి మిగిలింది. బట్టమేకపిట్ట మాత్రం ఇప్పుడు అక్కడ దాదాపు కనబడదు. ఎల్ల గీచినంతమాత్రాన పక్షి నిలవదని, ఎల్ల వెలుపలి నేల కూడా దానికి ఇల్లేనని రోళ్ళపాడు నేర్పుతున్న పాఠం ఇది.

కలివికోడికి చట్టంలో లోటు లేదు. వన్యప్రాణి సంరక్షణచట్టపు మొదటి పట్టికలో, పులితో సమానమైన స్థానంలో, దాని పేరు ఉన్నది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దానిని అత్యంత ప్రమాదస్థితిలో ఉన్న జీవిగా పేర్కొన్నది. లోకం మొత్తం మీద పెద్దపక్షులు 250కి లోపే ఉంటాయని అంచనా. చట్టం పక్షిని చంపినవాణ్ణి శిక్షించగలదు. కాని ఈ పక్షిని ఎవరూ తుపాకితో చంపడం లేదు. దాని కాళ్ళ కింది నేల తొలగిపోతున్నది.

2000 తరువాతి పదేళ్ళలో అప్పుడప్పుడు లభించిన జాడలు క్రమంగా సన్నగిల్లాయి. దశాబ్దానికి పైగా నిశ్చయమైన కబురు లేదు. మరొకసారి అజ్ఞాతవాసమా, లేక ఇదే అంతమా అన్న సందేహం పక్షిప్రియులను వేధించింది. 2025 ఆగస్టులో కొందరు పక్షిపరిశీలకులు కడప ప్రాంతంలో, ఒక రాత్రి చీకటిలో, ఆ రెండు స్వరాల పిలుపును విన్నారు. ధ్వనిముద్రణ కూడా చేశారు. పక్షి వారి కంటబడలేదు. అయినా ఆ పిలుపు ఒక్కటే దేశమంతటా వార్త అయింది.

ఇప్పటికీ కడప నుంచి బద్వేలుకు పోయే ప్రయాణికుడు ఆ నేల వైపు పరికించి చూడడు. కాని పొద్దుగూకే వేళ మందను ఊరివైపు మళ్ళించే కాపరికి ఆ నేలలోని ప్రతి పొదా తెలుసు. ఏ పొద కింద ఏ పిట్ట పడుకొంటుందో, కలివిపండ్లు ఎప్పుడు నల్లబడతాయో తెలుసు. ఆ నేలను అతడు ఎన్నడూ ఉత్త బంజరు అని అనుకోలేదు; అది అతని మేతబీడు. దానికి మరొక హక్కుదారు కూడా ఉన్నదని కాగితం మీద రాసుకోవలసినవారు కార్యాలయాలలో ఉన్నారు. వారు ఆ పని చేసేవరకు మిగిలిన కలివిపొదలే ఆ పిలుపుకు ఆధారం.